ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ చూడటం ఎలా?

ప్రశ్న: మా పాత ఆటోమేటిక్ కారు డ్రైవ్‌లో వేశాక కాస్త ఆగి కదులుతోంది. ఆయిల్ మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) ఉంది. ఆయిల్ నేనే చూసి పోసుకోవచ్చా?

జవాబు: పోసుకోవచ్చు. పదిహేను నిమిషాలు నడిపి, చదునైన చోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేయండి. బ్రేక్ తొక్కి ఉంచి లివర్‌ను అన్ని గేర్లలోకీ మార్చి, పార్కింగ్‌లో పెట్టండి. చాలా కార్లలో ఇంజిన్ ఆన్‌లో ఉండగానే చూడాలి, కొన్నింటిలో ఆపాలి, మాన్యువల్ చూసుకోండి. డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ ముంచి, ‘హాట్’ గుర్తు దగ్గర చూడండి. తగ్గితే మాన్యువల్‌లో చెప్పిన రకమే, గరాటుతో కొంచెం కొంచెంగా పోయండి. నేను ఒకసారి తొందరపడి లీటరు పోసేశాను. నురగ కట్టి గేర్లు జారాయి. ఇంకో మాట, ఈ ఆయిల్ వాడకంలో ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. నల్లబడి మాడు వాసన వస్తే మాత్రం వెంటనే మెకానిక్‌కి చూపించండి.