టౌన్‌ల్యాండ్ పేర్ల వెంట బయలుదేరిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

టిప్పరరీ కౌంటీలో మీ ఇంటి చుట్టుపక్కల టౌన్‌ల్యాండ్ల, అంటే అక్కడి అతి చిన్న భూవిభాగాల, పేర్లూ కథలూ రాసిపెట్టాలనుకుంటున్నావని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. ఐర్లండ్‌లో నేను ఏళ్ల తరబడి తిరిగింది ఈ పని మీదే.

మొదటి మాట: మ్యాపులోని ఇంగ్లీషు స్పెల్లింగును నమ్మకు. అరవై వేలకు పైగా ఉన్న ఈ పేర్లలో చాలావాటి స్పెల్లింగు 1824లో మొదలైన ఆర్డ్‌నెన్స్ సర్వేలో, అంటే ప్రభుత్వం మ్యాపుల కోసం చేయించిన కొలతలో, స్థిరపడింది. సర్వే తరఫున జాన్ ఓడొనవన్ అనే ఐరిష్ పండితుడు ఊరూరా తిరిగి ఐరిష్ తెలిసిన పెద్దల నోట పేర్లు విని రాసుకున్నాడు. కానీ మ్యాపుకెక్కింది ఇంగ్లీషు చెవికి అందినంతే. మీ కౌంటీలో కిల్నమనా అనే బారనీ (కౌంటీలో ఒక పాతకాలపు విభాగం) ఉంది, డబ్లిన్ శివారు టాలట్‌లోనూ ఒక కిల్నమనా ఉంది. స్పెల్లింగు ఒక్కటే. మీ పేరులో మొదటి ముక్క ఐరిష్‌లో 'క్విల్', అంటే అడవి; మొత్తం సన్యాసుల అడవి. అక్కడి పేరులో అది 'కిల్', అంటే చర్చి; మొత్తం సన్యాసుల చర్చి. అందుకే ఐర్లండ్ స్థలనామాల వెబ్‌సైటు లొగనిమ్‌లో ఐరిష్ రూపం చూసుకున్నాకే అర్థం రాయి.

పేరు 'లిస్', 'రాత్' అని మొదలైతే దగ్గర్లో గుండ్రటి మట్టికట్ట ఉందేమో వెతుకు. కోటలని పిలిచినా, వాటిలో ఎక్కువ భాగం సుమారు క్రీ.శ. 500–1000 మధ్య రైతులు కాపురమున్న ఆవరణలే. ఒకసారి అలాంటి కట్ట దగ్గర గడ్డి కోస్తున్న రైతును చూశాను. కట్ట దాకా వచ్చి యంత్రాన్ని పక్కకు తిప్పేశాడు. కట్ట మీది హాథార్న్ అనే ముళ్లచెట్టు కింద మోకాలెత్తు గడ్డి అలాగే నిలిచింది. ఎందుకని అడిగితే, "మా నాన్న కోయలేదు" అన్నాడు, అంతే.

ఆ జవాబు చాలు. "మీరు ఫెయిరీలను నమ్ముతారా?" అని మాత్రం అడగకు, మాట అక్కడే తెగిపోతుంది. కట్టల్లో ఉంటారని చెప్పుకునే ఆ కనబడని జనాన్ని పెద్దలు 'మంచివాళ్లు' అంటారు. మన పల్లెల్లో మశూచిని అమ్మవారన్నట్టే, భయంలోంచి పుట్టిన మర్యాద అది.

కిల్లీన్ అన్న చోట ఇంకా నెమ్మదిగా ఉండు. బాప్తిస్మం లేకుండా పోయిన పసికందులను కొన్ని అలాంటి చోట్ల పూడ్చిపెట్టారు. నీకు టీ ఇచ్చిన పెద్దావిడ తోబుట్టువు అక్కడ ఉండవచ్చు. ఆమె చెబితే విను, తవ్వి అడగకు.

రైతు అనుమతి లేనిదే పొలంలో అడుగు పెట్టకు, గేటు మూయడం మరవకు. అనుమతిపత్రం లేకుండా పురావస్తువుల కోసం మెటల్ డిటెక్టర్ వాడటం అక్కడ నేరం.

1937–39లో ఐర్లండ్ బడిపిల్లలు తాతముత్తాతల నోట విని రాసిన కథలు డూఖస్ అనే జానపద సేకరణ వెబ్‌సైటులో ఉన్నాయి. మీ బడి పేరుతో వెతుకు. కానీ ఒక్కో పొలానికి ఇంటివాళ్లు పెట్టుకున్న పేర్లు చాలావరకు ఎక్కడా రాసిలేవు, మనిషితోనే పోతాయి. అందుకని ఈ చలికాలంలోనే వెళ్లు. పాత ఆరంగుళాల మ్యాపు (మైలుకు ఆరంగుళాల లెక్కన గీసినది) పెద్దగా ముద్రించుకుని, వంటింటి బల్ల మీద పరిచి, పెన్సిలు ఆ ఇంటి పెద్దాయన చేతికే ఇవ్వు.

మీ మావయ్య