బొగ్గుల మీద సూవ్లా: మంట ఆరినాకే ఊచ ఎక్కాల

ప్రశ్న: మా అన్న సైప్రస్‌లో లిమాసోల్ అనే ఊళ్లో పనిచేస్తన్నాడు. మొన్న సెలవుకి వచ్చినప్పుడు, ఆడ ఆదివారం వస్తే పెద్ద పెద్ద మాంసం ముక్కలు ఊచకి గుచ్చి బొగ్గుల మీద కాలుస్తారు, సూవ్లా అంటారు, మనమూ చేద్దాం అన్నాడు. మిద్దె మీద ఇటుకలు పేర్చి పొట్టేలు మాంసం, కోడి రెండూ పెట్టాం. పావుగంటకల్లా పైన నల్లగా మాడిపోయింది, కోస్తే లోపల నెత్తురు. పిలిచిన చుట్టాలకి ఆఖర్న కుక్కర్లో వేసి కూర చేసి పెట్టాల్సొచ్చింది. యాడ తప్పు చేశాం?
(కావలి నుంచి ఒక తమ్ముడు)

జవాబు: తమ్ముడూ, మాంసంలో తప్పేం లేదు. మీరు మంట మీద పెట్టారు, సూవ్లా కాలాలంటే కావాల్సింది సెగ.

మీ అన్న చెప్పింది సూవ్లా, మీరు కాల్చిన పద్ధతి సూవ్లాకి అనే ఇంకో వంటది. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ వేరు. సూవ్లాకి అంటే చిన్న ముక్కలు, సన్న పుల్లకి గుచ్చి గట్టి సెగ మీద పది పదిహేను నిమిషాల్లో లాగించేస్తారు. సూవ్లా అంటే ఆ పొడుగాటి ఊచ పేరే, దానికి గుచ్చేవి జబ్బ, మెడ దగ్గర ఎముకతో కొట్టిన పెద్ద ముక్కలు, చిన్నపిల్లాడి పిడికిలంత ఉంటాయి, గంటన్నర రెండు గంటలు తిప్పుతానే ఉంటారు. అంత పెద్ద ముక్కని ఆ గట్టి సెగ మీద పెడితే మీకైనట్టే అవుద్ది, పైన బొగ్గు లోపల పచ్చి. ఆడ దానికోసం ఫూకూ అనే ఇనప తొట్టి ఉంటది, పక్కన ఊచలు తిప్పే చిన్న మోటారు కూడా, ఊచ పెట్టడానికి పైనా కిందా వరసగా గాళ్లు ఉంటాయి. అసలు కిటుకంతా ఆ గాళ్లలోనే ఉండాది. మొదట పై గాడిలో పెట్టి కొవ్వు నిదానంగా కరగనిస్తారు, ముక్క ఉడికినాక కింది గాడికి దించి ఎర్రగా రంగు తెప్పిస్తారు.

మీకు ఫూకూ లేకపోయినా ఇటుకలు ఉన్నాయి కదా, అదే చాలు. బొగ్గుల మీద నుంచి మూడు వరసల ఇటుకలు రెండు పక్కలా పేర్చండి, సుమారు 9 అంగుళాల ఎత్తు వస్తది, దానిమీద ఊచలు. గంటా గంటంబావు అయినాక ఊచలు ఒక పక్కకి తీసి ఒక వరస ఇటుకలు పీకేయండి, 6 అంగుళాలకి దిగుద్ది, ఆ ఎత్తులో ఇంకో ఇరవై నిమిషాలు తిప్పండి. ముక్క ఉండే ఎత్తులో అరచెయ్యి పెట్టి ఒకటి రెండు అని లెక్కపెట్టుకోండి, అయిదారు దాకా ఓర్చుకోగలిగితే మొదటి గంటకి ఆ సెగ సరిగ్గా సరిపోద్ది, రెండుకే చెయ్యి లాగేసుకుంటే ఇంకా ఆగాల.

ఇక బొగ్గు. మన నెల్లూరు, ప్రకాశం వైపు చిల్లకంపకి కొదవేముంది, సర్కారు తుమ్మ అన్నా అదే, దాని బొగ్గు గట్టిది, బరువుగా ఉంటది, చానాసేపు నిలబడి కాలుద్ది, డబ్బులు పోసి ఎక్కడి బొగ్గో కొనాల్సిన పనే లేదు. నేనైతే రెండు కిలోల మాంసానికి మూడు కిలోల బొగ్గు పెట్టుకుంటా, దాంట్లో ముప్పాతిక వంతు ముందు వేసి మిగతాది పక్కన ఇంకో ఇనప బొచ్చెలో రాజేసి ఉంచుకుంటా, ఎందుకంటే పచ్చి బొగ్గు నేరుగా మాంసం కింద వేస్తే పొగ లేస్తది, ఆ పొగ వాసన ముక్కకి పట్టేస్తది. రాజేసేదానికి కిరసనాయిలు పోయబాకండి, ఎంత సేపు ఆగినా ఆ వాసన ఒక పట్టాన పోదు. ఎండు తాటాకు, రెండు కొబ్బరి చిప్పలు చాలు. బొగ్గు అంటుకుని ఎర్రగా మండతా ఉన్నప్పుడే అందరికీ తొందర పుడద్ది, మీకూ అప్పుడే పుట్టి ఉంటది. ఆగండి. అరగంటో ముప్పావుగంటో పోయినాక మంట అణిగి ప్రతి బొగ్గు మీద తెల్లగా బూడిద పొర కడద్ది, అప్పుడు పెట్టాల ఊచ.

ఇంకొక మాట, మీ ఊచలు గుండ్రంగా ఉండి ఉంటాయి, అవునా? గుండ్రటి ఊచ తిప్పితే ఊచ తిరుగుద్ది గానీ ముక్క తిరగదు, బరువున్న పక్క కిందకే జారి ఆ ఒక్క పక్కే మాడుద్ది. వెల్డింగ్ షాపులో చదరంగా ఉండే స్టీలు ఊచ అడగండి, లేదంటే చపటా పట్టీ. జీఐ పూత ఉన్న కడ్డీలు మాత్రం వద్దు, ఆ పూత జింకు, ఎర్రగా కాలితే దాన్నుంచి వచ్చే పొగ ఒంటికి మంచిది కాదు. సైకిలు పుల్లలకీ పూత ఉంటది, అవీ పక్కన పెట్టండి.

మాంసం సంగతి. మనది నెల్లూరు గొర్రె పుట్టిన నేల, జోడిపి, పల్ల, డోర అని మూడు రకాలు మన మందల్లోనే తిరుగుతా ఉంటాయి, మంచి లేత పొట్టేలు మాంసం మనకి దొరక్కపోతే ఇంకెవరికి దొరుకుద్ది. అయితే కొట్టు కాడ కత్తి పడకముందే చెప్పాల, కూర ముక్కలు కాదన్నా, ముందు జబ్బ, మెడ పెద్ద ముక్కలు కావాల, కొవ్వు తియ్యబాక అని. మా ఆయన ఒకసారి ఫోన్ మాట్లాడతా అటు తిరిగాడు, ఇటు తిరిగేలోపు కొట్టాయన చెయ్యి అలవాటు కొద్దీ కిలో మాంసం చిన్న ముక్కలైపోయింది. కొవ్వు ఎందుకంటే, రెండు గంటలు తిరిగే ముక్కని లోపల తడిగా ఉంచేది అదే. ముక్కలు గుచ్చేటప్పుడు ఒకదానికొకటి తగిలేట్టు గుచ్చండి గానీ నొక్కి కుక్కొద్దు. కోడి, పొట్టేలు ఒకే ఊచకి గుచ్చబాకండి, కోడి గంటకే అయిపోద్ది. కోడి ఉడికిందా లేదా అని ఎముక పక్కన కత్తి మొన దించి చూడండి, వచ్చే నీళ్లు తేటగా ఉండాల, ఎర్రగా ఉంటే ఇంకా తిప్పాల. వంట థర్మామీటరు ఉంటే లోపల 74 డిగ్రీల సెల్సియస్ చూపించాల.

మసాలా? సైప్రస్ వాళ్లు ఉప్పు, ఎండిన ఒరేగానో ఆకు, నిమ్మకాయ, అంతే. మనకి అల్లంవెల్లుల్లి, కారం లేకుండా చెయ్యి ఆడదు, నాకు తెలుసు, కానీ అంతసేపు సెగ మీద ఆ ముద్ద మాడి చేదెక్కుద్ది. ఉప్పు నేను గుచ్చేముందే పట్టిస్తా. కారం కావాలంటే తినేటప్పుడు పక్కన పెట్టుకోండి. ఒరేగానో దొరక్కపోతే పెరట్లో ఉండే వామాకు నాలుగు ఎండబెట్టి నలిపి చల్లండి, రెండింటి ఘాటుకీ మూలం కార్వక్రాల్ అనే ఒకే పదార్థం, అందుకే వాసన దగ్గరగా ఉంటది.

ఊచ కిందకి దించినాక ఒక్కసారి ముక్క వైపు చూడండి తమ్ముడూ. కొవ్వు చుక్క ముక్క అంచుకి వచ్చి, ఆగి, రాలి బొగ్గు మీద చుయ్‌మంటది, సన్నటి తెల్ల పొగ లేచి మళ్లీ ఆ ముక్కకే తగులుద్ది. కుక్కర్లో రాని రుచి అంతా అదే. చుక్కకి మంట లేస్తే మాత్రం ఆ బొగ్గుని పక్కకి నెట్టండి, నీళ్లు చల్లితే బూడిద లేచి మాంసం మీద పడుద్ది.

ప్రశ్న: సైప్రస్‌లో షెఫ్తాలియా అని కైమాతో చేస్తారంట, పంది మాంసం మేం తినం. పొట్టేలు కైమాతో వస్తదా అక్కా?
(ఒంగోలు నుంచి ఒక చెల్లి)

జవాబు: బ్రహ్మాండంగా వస్తది. షెఫ్తాలియా గొప్పతనం దాని చుట్టూ చుట్టే పొరలో ఉండాది. జంతువు పొట్ట, పేగుల చుట్టూ వల అల్లినట్టు పల్చటి కొవ్వు పొర ఉంటది చూడు, దాన్నే చుడతారు. కొట్లో మామూలుగా పారేస్తారు, ముందురోజే చెప్పి చినగకుండా తియ్యమను. గోరువెచ్చటి నీళ్లలో కాస్త నిమ్మరసం పిండి కాసేపు నానేస్తే మెత్తబడి వాసన పోద్ది. కైమాలో సన్నగా తరిగిన ఉల్లిపాయ (నీళ్లు గట్టిగా పిండెయ్, లేకపోతే విడిపోద్ది), ఉప్పు, మిరియాల పొడి వెయ్యి. వాళ్లు పార్స్‌లీ ఆకు వేస్తారు, మనం కొత్తిమీర వేస్తే రుచి మారుద్ది గానీ బాగానే ఉంటది. బొటనవేలి లావున చేసి పొరలో చుట్టి మధ్యస్థం సెగ మీద తిప్పతా ఉండు, పొర కరిగి కైమాకి నూనె అదే పడద్ది.

ప్రశ్న: మాది నెల్లూరులో అపార్ట్‌మెంటు, వానాకాలం. తలుపులు తీసిపెట్టి హాల్లోనో, అద్దాలు మూసే బాల్కనీలోనో చేసుకోవచ్చా?
(నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా, దీంట్లో బేరం లేదు. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తది, రంగు లేదు, వాసన లేదు, తల తిరగతా ఉంటే నిద్ర అనుకుంటాం, ప్రాణం పోద్ది. తలుపు తీసినా చాలదు. మంట లేదు కదా అని బొచ్చె లోపలికి తెచ్చి పెట్టుకోవడం ఇంకా ప్రమాదం, బూడిద కింద బొగ్గు తెల్లారేదాకా రగులుతానే ఉంటది. అసోసియేషన్ వాళ్లని అడిగి టెర్రస్ మీద, వాన వెలిసినాక పెట్టుకోండి, అయిపోయినాక నీళ్లు పోసి కలబెట్టి మళ్లీ పోయండి.

ప్రశ్న: మా చర్చిలో ఈస్టర్ నాడు చేద్దాం అనుకుంటన్నాం. పక్కన ఏం పెట్టాల? మా అత్తమ్మ మాంసం ముట్టదు.
(కందుకూరు నుంచి ఒక చెల్లి)

జవాబు: మంచి రోజు ఎంచుకున్నారు, సైప్రస్‌లో కూడా సూవ్లా కాల్చే పెద్ద రోజు ఈస్టరే. మనవైపు శ్రమల దినాలు అంటామే, ఆ రోజుల్లో అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు, ఆ ఉపవాసం విడిచేది ఇట్టా బొగ్గుల కాడే. పక్కన సన్నగా తరిగిన క్యాబేజీ, కీరా, టమాటా మీద నిమ్మకాయ పిండి పెడతారు, తలతూరి అని ఇంకోటి, గట్టి పెరుగులో కీరా, వెల్లుల్లి, ఎండు పుదీనా, మన పెరుగు పచ్చడికి తోబుట్టువు. వాళ్ల పీతా రొట్టె బదులు కాస్త మందంగా పుల్కాలు చేసుకోండి. అత్తమ్మకి హలూమీ అనే చీజు కాల్చి పెట్టేవాళ్లు ఆడైతే, సైప్రస్ దాని పేరుకి 2021లో యూరోపియన్ యూనియన్ రక్షణ కూడా తెచ్చుకుంది. అది మనకి దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. పనీరు కూడా సెగకి కరగదు కాబట్టి మందంగా కోసి, నూనె రాసి, వేరే ఊచ మీద, మాంసం ఎక్కకముందే కాల్చి ఆమెకి మొదట వడ్డించండి.