ఓడ ఎప్పుడు వచ్చినట్టు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా మందుల కంపెనీ ముడిసరుకు విశాఖలో దిగాలి. ఫోన్లో ఓడల జాడ చూపే యాప్ చూస్తే ఓడ నిన్న రాత్రే వచ్చేసింది. కస్టమ్స్ బ్రోకరేమో ‘ఇంకా రాలేదండీ’ అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? — ఒక దిగుమతిదారు, బాలానగర్

జవాబు: రెండూ నిజమే కావచ్చండీ. సికింద్రాబాద్ ఔటర్‌లో ఆగిన రైలు ఊళ్లోకి వచ్చినట్టే, ప్లాట్‌ఫాం మీదికి మాత్రం రానట్టే. ఓడ సంగతీ అంతే. బయట యాంకరేజ్‌లో (ఓడలు వేచి ఉండే చోట) లంగరు వేసిన సమయం ఒకటి, దారి చూపి లోపలికి తెచ్చే పోర్టు పైలట్ ఎక్కిన సమయం ఒకటి, బెర్త్‌లో (సరుకు దించే గట్టు దగ్గర) మోకులన్నీ బిగించిన సమయం మరొకటి. వీటికి వేరుగా కస్టమ్స్ వారిచ్చే ‘ఎంట్రీ ఇన్‌వర్డ్స్’ అనే అనుమతి ఉంది. కస్టమ్స్ చట్టం 31వ సెక్షన్ ప్రకారం అది వచ్చేదాకా మామూలు సరుకు దించకూడదు. మీరు బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) ముందే వేసి ఉంటే, సుంకం రేటు ఎంట్రీ ఇన్‌వర్డ్స్ ఇచ్చిన రోజుదే వర్తిస్తుంది (15వ సెక్షన్). బడ్జెట్ రోజుల్లో ఓడ యాంకరేజ్‌లో రెండు రోజులు ఆగినా మీ లెక్క మారిపోవచ్చు.

బిల్ ఆఫ్ ఎంట్రీని ఓడ వచ్చే రోజుకు ముందురోజు ముగిసేలోగా, సెలవైనా సరే, వేయాలి. 30 రోజుల ముందు నుంచీ వేసుకోవచ్చు. ఆలస్యమైతే మొదటి 3 రోజులకు రోజుకు రూ.5,000, ఆ తర్వాత రోజుకు రూ.10,000. దగ్గరి దేశాల సరుకుకు గడువులో కొంత సడలింపు ఉంది, మీ సరుకు అందులోకి వస్తుందో లేదో బ్రోకర్‌ను అడగండి.

ఫోన్ యాప్‌ను నమ్మి గడువు లెక్కేస్తే దెబ్బ తినేది ఇక్కడే. ‘ఎప్పుడు చేరుతుంది’ అన్న సమాచారాన్ని ఓడలోని అధికారి ఏఐఎస్ పరికరంలో (ఓడ ఉన్న చోటు, వివరాలు రేడియోలో ప్రసారం చేసేది) చేత్తో టైప్ చేస్తారు. అది యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉండాలి. ఆయన పొరపాటున మన సమయమే కొడితే యాప్ దానికి మరో 5.30 గంటలు కలుపుతుంది. 14వ తేదీ రాత్రి 8కి చేరే ఓడ 15 తెల్లవారుజామున 1.30కి వస్తుందని మీకు కనబడుతుంది. ఆ ధీమాతో 14న బిల్లు వేస్తే అప్పటికే గడువు దాటిపోయింది.

ఇంకొకటి చూసుకోండి. కొలంబోలో ఓడ మారే కంటెయినరైతే మీరు చూస్తున్నది పెద్ద ఓడ, అక్కణ్నుంచి విశాఖకు తెచ్చేది ఫీడర్ అనే వేరే ఓడ. ఫీడర్ పేరు, ఐఎంఓ నంబరు (ఓడ శాశ్వత గుర్తింపు సంఖ్య), వెసెల్ కాల్ నంబరు (ఓడ ఒక్కో రాకకు ఇచ్చేది), మేనిఫెస్టు (ఓడలోని సరుకుల జాబితా) నంబరు షిప్పింగ్ లైన్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. క్లియరెన్స్ సనత్‌నగర్ ఇన్‌లాండ్ కంటెయినర్ డిపోలో పెట్టుకుంటే గడువుకు ఓడ తేదీ కాదు, సరుకు డిపోకు చేరే తేదీ చూడాలి.

ప్రశ్న: మా అబ్బాయి డెక్ క్యాడెట్. వాళ్ల ఓడ నాలుగు రోజులుగా యాప్‌లో కనబడటం లేదు. భయపడాలా? — ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అంతమాత్రానికే భయపడనక్కర్లేదమ్మా. ఏఐఎస్ వీహెచ్‌ఎఫ్ రేడియో మీద నడుస్తుంది. తీరంలోని స్టేషన్లకు కొన్ని పదుల నాటికల్ మైళ్ల దాకానే అందుతుంది. నడిసముద్రంలో ఉపగ్రహాలే దిక్కు, ఉచిత యాప్‌లలో ఆ సమాచారం మామూలుగా ఉండదు. దొంగల భయమున్న చోట కెప్టెన్ దాన్ని ఆపేయవచ్చు కూడా. దీనికి వేరుగా ఎల్‌ఆర్‌ఐటీ అనే ఏర్పాటు 6 గంటలకోసారి ఓడ ఉన్న చోటును జెండా దేశం (ఓడ నమోదైన దేశం) నియమించిన డేటా కేంద్రానికి పంపుతుంది. ఆ సమాచారం ప్రభుత్వాల మధ్యే ఉంటుంది, బయటివారికి చూపరు. మీరు కంపెనీలోని డిజిగ్నేటెడ్ పర్సన్ అషోర్‌ను (ఓడ భద్రత చూసేందుకు ఒడ్డున ఉండే అధికారి) అడగండి. అంతర్జాతీయ భద్రతా నిబంధనల కింద అలాంటి వ్యక్తి ప్రతి కంపెనీలోనూ ఉండాలి. ఆ నంబరు అబ్బాయి ఓడెక్కక ముందే రాసిపెట్టుకోవడం మంచిది.

ప్రశ్న: పోర్టు, కస్టమ్స్, ఇమ్మిగ్రేషన్, ఆరోగ్య విభాగాల మధ్య ఓడల రాకపోకల సందేశాలు పంపే సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. ఎక్కడ జాగ్రత్త పడాలి? — ఒక ఇంజనీర్, మాదాపూర్

జవాబు: ఓడ పేరు మీద రికార్డులు కలపకండి. పేర్లు మారతాయి, ఒకే పేరుతో చాలా ఓడలు ఉంటాయి. 9 అంకెల ఎంఎంఎస్ఐ (ఓడ రేడియో గుర్తింపు సంఖ్య) జెండా మారితే మారిపోతుంది. 7 అంకెల ఐఎంఓ నంబరు ఓడ తుక్కయ్యేదాకా అదే. మొదటి 6 అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో హెచ్చవేసి కూడితే, మొత్తంలోని చివరి అంకె ఏడో అంకెకు సమానం కావాలి. 9074729కి 63, 0, 35, 16, 21, 4 కలిపితే 139, చివర 9. సరిపోయింది. మొదటి ఆరింటిలో పక్కపక్క అంకెలు తారుమారైతే ఈ పరీక్ష తప్పక పట్టేస్తుంది. కానీ మూడో అంకె 7కు బదులు 5 పడితే పట్టదు, ఎందుకంటే 35కూ 25కూ చివర 5 ఒక్కటే. అందుకని ఓడల రిజిస్టరుతోనూ సరిచూడండి. చెక్క నావల్లాంటి చిన్నవాటికి ఐఎంఓ నంబరు ఉండకపోవచ్చు. ఆ గడిని ఖాళీగా వదలనివ్వండి. సున్నాలతో నింపమంటే నావలన్నీ ఒకే ఓడగా కలిసిపోతాయి.

ఒకే ఓడ నెలలో రెండు మూడుసార్లు రావచ్చు కాబట్టి ఐఎంఓ నంబరుకు వెసెల్ కాల్ నంబరు జతచేయాలి.

ప్రతి సమయం పక్కనా మూడు వివరాలు తప్పనిసరి చేయండి: ఏం జరిగింది (లంగరా, పైలటా, మోకులా); అది అంచనానా, కోరినదా, ఖరారు చేసినదా, జరిగిపోయినదా; చెప్పింది ఎవరు. యూటీసీలో దాచండి, తెరమీద మన సమయం చూపండి, రెండింటిలో ఏదో పక్కనే రాయండి. సవరణ వస్తే పాతదాన్ని చెరపకుండా కొత్త వెర్షన్ నంబరుతో చేర్చండి. నెట్‌వర్క్‌లో సందేశాలు వెనకాముందూ అవుతుంటాయి. అందిన వేళను బట్టి ‘తాజాది’ నిర్ణయిస్తే మొన్నటి అంచనా ఇవాళ్టిదాన్ని తొక్కేస్తుంది.

విశాఖ లాంటి పోర్టులో మరో చిక్కుంది. ఔటర్ హార్బర్ నుంచి ఇన్నర్ హార్బర్‌కు ఓడను మారిస్తే అది షిఫ్టింగ్ మాత్రమే. దాన్ని ‘బయల్దేరింది’ అని నమోదు చేస్తే కస్టమ్స్ దగ్గర వెళ్లిపోయిన ఓడ అవుతుంది, ఇమ్మిగ్రేషన్ దగ్గర సిబ్బంది లెక్క తేలదు. షిఫ్టింగ్‌కు ప్రత్యేక సందేశం పెట్టండి.

ఇక ఎవరికి ఏది అన్నది. సిబ్బంది జాబితా ఇమ్మిగ్రేషన్‌కు, ఓడలోని నిల్వల జాబితా కస్టమ్స్‌కు, ప్రమాదకర సరుకు జాబితా పోర్టుకు, ఆరోగ్య ప్రకటన పోర్టు ఆరోగ్యాధికారికి. ఒకసారి ఇచ్చిన సమాచారం కావలసిన విభాగాలన్నిటికీ చేరాలి అంటే, అందరికీ అన్నీ తెరవాలని కాదు. పాస్‌పోర్టు నంబర్లు బెర్తింగ్ క్లర్కుకు అక్కర్లేదు.

ప్రశ్న: ఓడల పత్రాలను ఇలా కంప్యూటర్ల ద్వారా మార్చుకోవడం చట్టప్రకారం తప్పనిసరా? — ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: అవును. ఓడల రాకపోకల పత్రాల పనిని సులువు చేసే 1965 నాటి అంతర్జాతీయ ‘ఫాల్’ ఒప్పందం దీనికి మూలం. పత్రాలను ఎలక్ట్రానిక్‌గా మార్చుకోవడం 2019 ఏప్రిల్ 8 నుంచి, అన్ని విభాగాల పత్రాలూ ఒకేచోట ఇచ్చే సింగిల్ విండో 2024 జనవరి 1 నుంచి ఆ ఒప్పంద దేశాల పోర్టుల్లో తప్పనిసరి అయ్యాయి. మన దగ్గర ఇందుకోసం 2018లో పీసీఎస్ 1ఎక్స్, 2023లో నేషనల్ లాజిస్టిక్స్ పోర్టల్ మెరైన్ అనే ఆన్‌లైన్ వేదికలు వచ్చాయి.

ప్రశ్న: ఓడ వెళ్లిపోయాక దాని వివరాలు పక్క దేశానికెందుకు? — ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తనిఖీల కోసం. మన దేశం హిందూ మహాసముద్ర పోర్టుల తనిఖీ ఒప్పందంలో సభ్యురాలు. తనిఖీలో దొరికిన కొన్ని లోపాలను తర్వాతి పోర్టులో సరిచేసుకోమని ఓడను వదులుతారు. ఆ పోర్టు అధికారులకు తెలియజేస్తారు. తర్వాతి పోర్టు పేరు గానీ బయల్దేరిన సమయం గానీ తప్పుపడితే, పాడైన లైఫ్‌బోట్‌తో ఓడ చేరేసరికి అక్కడ చూసేవారే ఉండరు. భద్రతా సమాచారంలో చివరి 10 పోర్టుల పేర్లు అడిగినప్పుడు, వెళ్లిన సమయాలతో వాటిని సరిచూడవచ్చు. ఒక ఓడ తనిఖీల చరిత్ర చూడాలంటే ఈక్వాసిస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా నమోదై, ఐఎంఓ నంబరుతో వెతకవచ్చు.