ఫైబ్రాయిడ్ ఉందంటే గర్భసంచి తీసేయాల్సిందేనా?

అక్కర్లేదు, ఇబ్బంది పెట్టని ఫైబ్రాయిడ్‌కు చాలాసార్లు ఏ చికిత్సా అవసరం ఉండదు. ఇది గర్భసంచి కండరంలోనే పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్ల మీద ఆధారపడి పెరుగుతుంది కాబట్టి నెలసరి పూర్తిగా ఆగిపోయాక మామూలుగా కుంచించుకుపోతుంది.

స్కాన్ రిపోర్టు చేతికి రాగానే కళ్లు సైజు మీదే పడతాయి. కానీ గడ్డ ఎక్కడుందన్నది అంతకంటే ముఖ్యం. గర్భసంచి బయటి వైపున్న 5 సెంటీమీటర్ల గడ్డ ఏ బాధా పెట్టకపోవచ్చు. లోపలి పొరను నెట్టుకొచ్చిన 2 సెంటీమీటర్ల గడ్డ మాత్రం గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం తెప్పించి, రక్తహీనత దాకా తీసుకెళ్లగలదు. అలాంటిదాన్ని కూడా పొట్ట కోయకుండా, యోని మార్గం గుండా హిస్టెరోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టం పంపి చాలావరకు తీసేయొచ్చు, గర్భసంచి అలాగే ఉంటుంది. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలూ ఉన్నాయి.

వదిలేస్తే క్యాన్సర్‌గా మారుతుందన్నది అపోహ. గర్భసంచి కండరంలో క్యాన్సర్ రావడం చాలా అరుదు, అదీ సాధారణంగా విడిగా పుట్టేదే. ఆ ఒక్క భయంతో ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. అయితే నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, గడ్డ పెరిగినా వెంటనే డాక్టరుకు చూపించాలి.