కింకెయిడ్ 'గర్ల్' కథలో తల్లిది ప్రేమా, పెత్తనమా?

"జమైకా కింకెయిడ్ రాసిన 'గర్ల్' మాకు సిలబస్‌లో ఉంది. ఆ తల్లికి కూతురి మీద ప్రేమ ఉందా, లేక అంతా పెత్తనమేనా? పరీక్షలో ఎలా రాయాలి?" అని అడిగారు. ఈ కథను డిగ్రీ పిల్లలకు కొన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను. అలాంటి అమ్మ దగ్గరే పెరిగాను కూడా. ప్రేమా పెత్తనమా అని తూకం వేయడం మొదలుపెడితే కథ చేజారిపోతుంది. కూతురి మాట తల్లి ఎక్కడ విన్నదో, ఎక్కడ విననట్టు దాటేసిందో చూడండి.

కథ చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 1978లో 'ది న్యూయార్కర్' అనే అమెరికన్ పత్రికలో వచ్చింది. రెండు మూడు పేజీలే, అదీ సెమికోలన్లతో సాగే ఒకే వాక్యం. తల్లి కూతురికి చెప్పుకుంటూ పోతుంది: తెల్లబట్టలు సోమవారం ఉతుకు, రంగుబట్టలు మంగళవారం, ఎండలో తలమీద ఏమీ లేకుండా నడవకు, ఉప్పుచేప రాత్రే నానబెట్టు. రచయిత్రి 1949లో కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా దీవిలో పుట్టారు. ఆ దీవికి బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది 1981లో. అందుకే టీకి బల్ల ఎలా సర్దాలో, ముఖ్యమైన అతిథి భోజనానికి వస్తే ఎలా సర్దాలో చెప్పిన నోటితోనే అక్కడి వంట పెప్పర్‌పాట్ ఎలా చేయాలో కూడా చెబుతుంది. బెన్నా అనేది ఆ దీవి జానపదుల పాట, ఊళ్లో గుసగుసలన్నీ అందులో ఉంటాయి. చర్చిలో పిల్లలకు మతపాఠాలు చెప్పే సండే స్కూల్లో అది పాడొద్దనీ అంటుంది. దొరల పద్ధతీ రావాలి, ఇంటి పద్ధతీ రావాలి. రెంటికీ కూతురే జవాబుదారీ.

ఇంత పొడుగు మాటల్లో కూతురు నోరు తెరిచేది రెండేసార్లు. మొదటిసారి, నేను ఆదివారాలు బెన్నా పాడనే పాడను అంటుంది. తల్లి దానికి జవాబే ఇవ్వదు. తర్వాతి మాట గుండీ ఎలా కుట్టాలన్నది! మా క్లాసులో దీన్ని ఇద్దరమ్మాయిల చేత పైకి చదివిస్తాను. ఈ చోటికి రాగానే వెనక బెంచీల నుంచి "మా అమ్మా అంతే మేడమ్" అని వినిపిస్తుంది. సంజాయిషీ ఇచ్చుకునే అవకాశం కూడా లేదు, ఎందుకంటే తీర్పు ముందే అయిపోయింది. చెడిపోయినదానివి అవుతావని తల్లి కూతురిని మూడుచోట్ల అంటుంది. ఆ మాటను నేను ఏ రకంగానూ సమర్థించను. కూతురు ఏ తప్పూ చేయకముందే ఆమె మీద వేసిన నింద అది.

ఇక్కడే ఆగిపోయి తల్లి క్రూరురాలు అని రాసేస్తారు చాలామంది. రెండో సగం చదవండి. గర్భం పోవడానికి మందు ఎలా చేయాలో చెబుతుంది. మగవాడు నిన్ను ఎలా దబాయిస్తాడో, నువ్వు వాడిని ఎలా దబాయించాలో చెబుతుంది. మగవాడిని ప్రేమించే దారి ఒకటి కుదరకపోతే ఇంకోటి ఉందనీ, అదీ కుదరకపోతే వదిలేసినందుకు మరీ బాధపడొద్దనీ అంటుంది. ఆకాశం మీద ఉమ్మేస్తే మొహం మీద పడుతుందని మనం పిల్లల్ని భయపెడతాం కదా, ఈవిడ మాత్రం ఉమ్మాలనిపిస్తే ఉమ్ము, కానీ చప్పున పక్కకి తప్పుకో అంటుంది. పరువు ఒక్కటే ఈవిడకు ముఖ్యమైతే ఈ మాటలు కూతురికి చెప్పేది కాదు. పరువు చాలని రోజున బతకడానికి కావలసినవి ఇవి.

మా అమ్మా రెండు రకాల మాటలూ చెప్పేది. గడప మీద కూర్చోకు, జుట్టు విరబోసుకుని వీధిలోకి వెళ్లకు, అంత గట్టిగా నవ్వకు. కాలేజీకి వెళ్లే మొదటిరోజు మాత్రం తన మంగళసూత్రం నుంచి పిన్నీసు తీసి నా చేతిలో పెట్టి, "బస్సులో రద్దీగా ఉంటే వేళ్ల మధ్య పట్టుకో, ఎవడైనా మీదికొస్తే గుచ్చెయ్, గుచ్చి అటువైపు చూడకు" అంది. నవ్వొద్దన్న మనిషే గుచ్చమంది. అమ్మ బస్సుల్లో ఏం పడిందో నాకు ఎప్పుడూ చెప్పలేదు, ఆ పిన్నీసును బట్టి అర్థం చేసుకున్నాను.

ఇక కూతురి రెండో మాట. రొట్టె తాజాగా ఉందో లేదో నొక్కి చూసి కొను అంటుంది తల్లి. రొట్టెలవాడు ముట్టుకోనివ్వకపోతే? అని కూతురు అడుగుతుంది. ఇంత చెప్పాక కూడా రొట్టెలవాడు దగ్గరికి రానివ్వని ఆడదానివే అవుతావా అన్న తల్లి ఎదురు ప్రశ్నతో కథ అయిపోతుంది. కూరగాయల మార్కెట్లో మా అమ్మ బెండకాయ కొన విరిచి చూసేది. టప్పున విరిగితే లేత, వంగితే ముదురు. "విరవొద్దమ్మా" అని అందరినీ కసిరే కొట్టతను మా అమ్మను ఏమీ అనేవాడు కాదు. ఆ చనువు ఊళ్లో ఆడమనిషికి ఉన్న విలువను బట్టి వస్తుంది. రొట్టె దగ్గరా అంతే. ఆ చనువు కూతురికి కూడా దక్కాలనే తల్లి తాపత్రయం. అది దక్కకపోతే నా దగ్గర ఇంకేం ఉంది అన్న భయం ఆ చివరి ప్రశ్నలో నాకు వినిపిస్తుంది.

ఇంకొకటి గమనించండి. నేను పాడలేదని కూతురు చెప్పినప్పుడు తల్లి పట్టించుకోలేదు. ఇలా అయితే ఏం చేయాలని అడిగినప్పుడు మాత్రం ఆగింది. కోపంగానే అయినా, కథ మొత్తంలో కూతురి మాటకు సూటిగా బదులు చెప్పింది అక్కడొక్కచోటే.

పరీక్షకైతే కూతురి ఈ రెండు మాటల పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. వాటి మధ్య తల్లి నేర్పిన పనుల్లో నలుగురూ చూసేవి ఏవి, ఎవరూ చూడనివి ఏవి అని విడదీసి రాసుకోండి. మీ జవాబు అక్కడి నుంచి మొదలుపెట్టండి, కథ సారాంశంతో వద్దు. రచయిత్రి జీవితచరిత్ర ఒక వాక్యం చాలు.