సంస్థ ‘ఏర్పడిందా’, ‘ఏర్పరిచారా’, ‘ఏర్పరచుకున్నారా’?

సందేహం: అంతర్జాతీయ సంబంధాల మీద డిగ్రీ విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాను. రాజ్యాలు అంతర్జాతీయ సంస్థలను ఎందుకు పెడతాయి, వాటిలో ఎందుకు చేరతాయి అన్నది అధ్యాయం. ‘సంస్థ ఏర్పడింది’, ‘సంస్థను ఏర్పరిచాయి’, ‘ఏర్పరచుకున్నాయి’ – వీటిలో ఏది సరి? ‘వల్ల’, ‘కోసం’ ఒకదాని బదులు ఒకటి వాడవచ్చా? ‘దేశం’ అనాలా, ‘రాజ్యం’ అనాలా?

సమాధానం: మూడు క్రియారూపాలూ వ్యాకరణరీత్యా సరైనవే. కానీ మీరు రాస్తున్నది సిద్ధాంతాల అధ్యాయం. అందులో ఒకదాని చోట మరొకటి వేస్తే వాక్యం చెడదు గాని, ఒక సిద్ధాంతం పోయి ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

‘ఏర్పడు’ అకర్మక క్రియ. ‘1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పడింది’ అన్నప్పుడు సమితే కర్త. దాన్ని పెట్టినవాళ్లు వాక్యంలో ఎక్కడా కనబడరు. తేదీల పట్టికకు ఇది చాలు. ‘ఎందుకు’ అని అడిగే చోట మాత్రం చాలదు. వానకు గుంట ఏర్పడినట్టు సంస్థ దానంతటది ఏర్పడదు కదా.

‘ఏర్పరచు’ సకర్మకం. ఎవరు ఏర్పరిచారన్న ప్రశ్న వెంటనే వస్తుంది. రాజ్యాల నడతకు శక్తే మూలమనే వాస్తవికవాదుల మాట చెప్పేటప్పుడు ఈ రూపం బాగా అమరుతుంది. బలమైన రాజ్యం తనకు అనువైన నియమాలతో సంస్థను ఏర్పరుస్తుంది, బలహీన రాజ్యాలు అందులోకి వస్తాయి అన్నది వాళ్ల వాదం. సంస్థలు ప్రధానంగా శక్తి పంపిణీకి ప్రతిబింబాలేనని జాన్ మియర్‌షైమర్ 1990లలో గట్టిగా వాదించారు. లాయిడ్ గ్రూబర్ ఇంకో మెలిక చూపించారు. కొన్ని బలమైన రాజ్యాలు తమంతట తాము ముందుకు సాగిపోతే, మిగిలినవాటికి పాత పరిస్థితి ఇక మిగలదు. చేరితే మునుపటికంటే నష్టమే, బయట ఉంటే ఇంకా నష్టం. ఇక్కడ ‘చేరాయి’ అని రాస్తే ఇష్టపడి చేరినట్టుంటుంది. ‘చేరక తప్పలేదు’ అంటే ఆయన వాదం మొత్తం రెండు మాటల్లో వచ్చేస్తుంది.

ఇక ‘ఏర్పరచుకొను’. ‘కొను’ చేరితే క్రియాఫలం కర్తకే చెందుతుందని మీకు తెలిసిందే. సంస్థలు రాజ్యాల సహకారానికి తోడ్పడతాయనే రాబర్ట్ కియోహేన్ వంటి సంస్థావాదులకు సరిపోయే రూపం ఇది. ప్రపంచ ప్రభుత్వం లేనప్పుడు, ఎదుటివాడు మాట తప్పుతాడేమోనన్న భయం వల్ల, అందరికీ లాభించే ఒప్పందాలు కూడా కుదరవు. సంస్థ ఉంటే సమాచారం అందుతుంది, మాట తప్పినవాడు బయటపడతాడు, బేరసారాల ఖర్చు తగ్గుతుంది. ఈ ఖర్చు సంగతి విద్యార్థికి అంకెతో చూపించండి. సమితిలో ఇప్పుడు 193 సభ్యరాజ్యాలున్నాయి. ఒకే విషయం మీద ప్రతి జంటా విడివిడిగా ఒప్పందం చేసుకోవాలంటే 18,528 ఒప్పందాలు కావాలి.

ఈ వర్గంలోనే ఇంకో వాదన ఉంది. కొత్తగా ప్రజాస్వామ్యంలోకి వచ్చిన ప్రభుత్వం, రేపు వచ్చేవాళ్లు తన సంస్కరణలను సులువుగా తిరగదోడకుండా, సంస్థలో చేరి తన చేతులు తానే కట్టేసుకుంటుందని ఎడ్వర్డ్ మాన్స్‌ఫీల్డ్, జాన్ పీవ్‌హౌస్ అన్నారు. ‘కట్టేసుకోవడం’లోని ఆ ‘కొను’ తీసేసి ‘సంస్థ ప్రభుత్వాన్ని కట్టేస్తుంది’ అని రాశారనుకోండి, స్వచ్ఛందంగా చేసిన పని బలవంతపు పనిగా మారిపోతుంది.

పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా తప్పు జరిగేది మీ రెండో సందేహం దగ్గరే. ‘వల్ల’ హేతువు చెబుతుంది, ‘కోసం’ ప్రయోజనం చెబుతుంది. హేతువు పనికంటే ముందుండాలి. ప్రయోజనం పని తర్వాత దక్కుతుంది. ‘ఖర్చులు తగ్గడం వల్ల రాజ్యాలు సంస్థను ఏర్పరచుకున్నాయి’ అన్న వాక్యం చూడండి. సంస్థే ఇంకా లేనప్పుడు ఖర్చులు ఎలా తగ్గాయి? ‘ఖర్చులు తగ్గించుకోవడం కోసం’ అనాలి, లేదా ‘తగ్గుతాయన్న అంచనాతో’ అనాలి. నా దృష్టిలో రెండోదే మేలు. ఎందుకంటే ఆ సిద్ధాంతంలో రాజ్యాలను కదిలించేది రాబోయే ఫలితం కాదు, ఆ ఫలితం గురించి ముందే వేసుకున్న అంచనా. అంచనా తప్పవచ్చు కూడా. ఫలితాన్నే కారణంగా చూపిస్తున్నారన్నదే ఈ సిద్ధాంతం మీద ఉన్న ప్రధాన విమర్శ. ‘వల్ల’ వేస్తే ఆ తప్పు మీ వాక్యంలోనే జరిగిపోతుంది.

మూడో సిద్ధాంతంలో కర్త స్థానమే మారుతుంది. రాజ్యానికి ఏది కావాలో దానికి ముందే తెలుసు అన్న ఊహను నిర్మితివాదులు ఒప్పుకోరు; ఆ కోరికలు ఇతరులతో సంపర్కంలోనే రూపుదిద్దుకుంటాయంటారు. విజ్ఞానశాస్త్ర విధానానికి ప్రభుత్వంలో ప్రత్యేక విభాగం ఉండాలన్న భావనను యునెస్కోయే రాజ్యాలకు నేర్పిందని మార్తా ఫినెమోర్ 1993లో చూపించారు. కాబట్టి ‘సంస్థ నేర్పింది, రాజ్యాలు నేర్చుకున్నాయి’ అని రాయాలి. చేరికకు కారణం చెప్పేటప్పుడు ‘బాధ్యతగల రాజ్యం అనిపించుకోవడానికి’ అన్న ప్రయోగం ఇక్కడ చక్కగా ఒదుగుతుంది. పేరు విషయంలో ఒక జాగ్రత్త: దీన్ని ‘నిర్మాణవాదం’ అనకండి. వ్యవస్థ నిర్మాణమే రాజ్యాల నడతను శాసిస్తుందనే కెనెత్ వాల్ట్జ్ వాదం దీనికి పూర్తిగా వేరు, విద్యార్థి రెంటినీ కలిపేస్తాడు. ‘సామాజిక నిర్మితివాదం’ అంటే చిక్కు ఉండదు.

‘చేరు’ గురించి మీరు అడగలేదు గాని చెప్పాలి. సంస్థ‘లో’ చేరతారు, సంస్థ‘ను’ చేరడమంటే అక్కడికి వెళ్లడం. పైగా ‘చేరు’ సగం కథే చెబుతుంది, రెండో సగం ‘చేర్చుకొను’. ఫిన్లాండ్, స్వీడన్ 2022 మే 18న కలిసే నాటోకు దరఖాస్తు ఇచ్చాయి. ఫిన్లాండ్ 2023 ఏప్రిల్ 4న సభ్యురాలైంది. స్వీడన్ 2024 మార్చి 7 దాకా ఆగాల్సి వచ్చింది. ప్రతి సభ్యరాజ్యం ఆమోదమూ కావాలి, తుర్కియే, హంగరీ జాప్యం చేశాయి. అందువల్ల ‘స్వీడన్ చేరాలనుకుంది, సభ్యరాజ్యాలు ఆలస్యంగా చేర్చుకున్నాయి’ అనాలి. ‘చేర్చుకున్నారు’ కాదు, కర్త రాజ్యాలు కాబట్టి అమహద్బహువచనమే (మనుషులు కానివాటికి వాడే బహువచనం). ఐక్యరాజ్యసమితిలోనూ ఇంతే. భద్రతా మండలి సిఫారసు చేయాలి, ఆపైన సర్వప్రతినిధి సభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో ఒప్పుకోవాలి.

ఏర్పరచడం, చేరడం ఒకటి కాదనడానికి, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వచ్చిన నానాజాతి సమితికి మించిన ఉదాహరణ లేదు. దాని కోసం అందరికంటే పట్టుబట్టినవాడు అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్. అమెరికా సెనేట్ దాన్ని స్థాపించే ఒడంబడికను ధ్రువీకరించలేదు, అమెరికా చేరనే లేదు. సంతకం వేరు, ధ్రువీకరణ వేరు. ‘సంతకం చేసి సభ్యత్వం పొందింది’ అని ఒక్క ఊపులో రాసేయకండి. అలాగే ఐక్యరాజ్యసమితి 51 వ్యవస్థాపక సభ్యుల విషయంలో ‘చేరాయి’ అనడం పొసగదు. అవి ‘స్థాపించాయి’. సమితి ఒడంబడికను రాసిన శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశానికి రాని పోలండ్ 1945 అక్టోబరులో సంతకం చేసింది, అయినా వ్యవస్థాపక సభ్యుల్లోనే లెక్క.

‘రాజ్యం’, ‘దేశం’ మాటకొస్తే, సిద్ధాంత చర్చలో ‘రాజ్యం’ వాడండి. దేశమంటే నేల, జనం కూడా. సంతకం పెట్టేది రాజ్యం. ‘రాష్ట్రం’ అసలే వద్దు, మనకు అది వేరే అర్థంలో స్థిరపడింది. ప్రపంచ వాణిజ్య సంస్థ గురించి రాసేటప్పుడు రెండూ మాని ‘సభ్యులు’ అనండి. హాంకాంగ్, తైవాన్ అక్కడ ప్రత్యేక సుంకాల ప్రాంతాలుగా సభ్యులు, ఐరోపా సమాఖ్య కూడా సభ్యురాలే.

‘కూటమి’, ‘సంస్థ’ పర్యాయపదాలు కావు. ఒప్పందం ఉంటే కూటమి అవుతుంది. సంస్థ అనిపించుకోవాలంటే స్థిరమైన కార్యాలయం, సొంత సిబ్బంది కూడా ఉండాలి. 1949 ఒప్పందం నాటికి నాటోను కూటమి అనడమే సబబు. 1952లో మొదటి ప్రధాన కార్యదర్శి వచ్చాక రెండు మాటలూ చెల్లుతాయి.