మెట్లు ఎక్కుతుంటే షుగర్ పెరిగి, ఎక్కాక తగ్గడం ఎలా?

మీ నాన్నగారితో అలిపిరి మెట్ల దారిన వెళ్లినప్పుడు గాలిగోపురం దగ్గర షుగర్ పెరిగిందని, కొండపైకి చేరాక బాగా తగ్గిందని, యంత్రం చెడిపోయిందేమోనని అడిగారు. ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో మెట్లు ఎక్కినంత మాత్రాన ఎలా తగ్గుతుందన్నది మీ రెండో సందేహం.

ముందుగా, పరీక్షకు ముందు ఆయన చేతులు కడుక్కున్నారా? ఒకసారి నాకు 380 చూపించింది, గుండె జారిపోయింది. తీరా చూస్తే అంతకుముందే మామిడిపండు ముక్కలు పట్టుకున్న వేలు అది. కడుక్కుని చూస్తే 170. వేళ్లు శుభ్రంగానే ఉంటే మాత్రం మీ రెండు అంకెలూ నిజమే అయి ఉండవచ్చు.

నేను చిత్తూరులో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. పదకొండేళ్లుగా షుగర్ మాత్రలు మింగుతున్నాను. కణ సంకేతాల పాఠం ఏటా చెప్పేవాణ్ణే గానీ, అది నా పిక్కల్లో జరిగే పని అని ఒంటికి తెలిసింది మెట్ల మీదే. ఆ రోజు అలిపిరిలో 164, గాలిగోపురం దగ్గర 197, తిరుమలలో 128.

గాలిగోపురం దాకా ఎక్కుడు నిటారుగా ఉంటుంది. ఆయాసంతో పాటు అడ్రినలిన్ పెరుగుతుంది. అది కణం లోపలికి పోదు, పొర మీది గ్రాహకాన్ని తట్టి ఊరుకుంటుంది. లోపల సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పుట్టి ఆ కబురు అందుకుంటుంది. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ విడిపోయి గ్లూకోజ్ రక్తంలోకి వస్తుంది. కాలేయాన్నే పట్టుకుని ఈ గుట్టు విప్పిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమతి వచ్చింది. కాళ్లు ఖర్చు పెట్టేదానికంటే కాలేయం ఎక్కువ పంపితే అంకె పెరుగుతుంది, అంతే.

తగ్గడం కథ ఇంకా బాగుంటుంది. కండర కణంలోకి గ్లూకోజ్ వెళ్లాలంటే గ్లూట్-4 అనే వాకిళ్లు పొర మీద ఉండాలి. విశ్రాంతిలో అవి చాలావరకు కణం లోపలే చిన్న సంచుల్లో పడి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి తడితే ఒక ప్రోటీన్ నుంచి మరొకదానికి కబురు పాకి, ఆ సంచులు పైకి కదులుతాయి. మన రకం (టైప్ 2) షుగర్‌లో ఈ కబురు మొదటి మజిలీల్లోనే నీరసిస్తుంది. కానీ పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చవుతుంటే, దాన్నుంచి మిగిలే ఏఎంపీ పెరుగుతుంది, దాన్ని పసిగట్టి ఏఎంపీకే అనే ఎంజైమ్ మేల్కొంటుంది. కండరం ముడుచుకునేటప్పుడు విడుదలయ్యే కాల్షియం కూడా తన వంతు కబురు పంపుతుంది. (ఆ ఏటీపీని కండరంలో కనుగొన్నట్టు 1929లో ఫిస్కేతో కలిసి ప్రకటించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. ఈ మాట చెప్పకుండా నా పాఠం ముందుకు సాగదు.)

తిరుపతి వాళ్లకు చెప్పాలంటే, సర్వదర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లలో ఆగిపోయినా, నడిచి వచ్చినవారి దివ్యదర్శనం క్యూ కదులుతున్నట్టు. వెండివాకిలి దగ్గర అందరూ కలిసేవారే. కణంలో ఆ కలిసే చోటుల్లో ఒకటి టీబీసీ1డీ4 అనే ప్రోటీన్. గ్లూట్-4 సంచులను వెనక్కి లాగిపట్టే పగ్గం అది. రెండు దారుల కబుర్లూ దానికి ఫాస్ఫేట్ తగిలించి పట్టు వదిలిస్తాయి.

పోలిక ఇక్కడితో పూర్తిగా సరిపోతే నేనూ సంతోషించేవాణ్ణి. గ్రీన్‌లాండ్ ఇన్యూట్ ప్రజల్లో కొందరికి ఈ టీబీసీ1డీ4 జన్యువు రెండు ప్రతులూ చెడిపోయి ఉంటాయని, వారికి షుగర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువని 2014లో తేలింది. అలాంటివారిలో కూడా ఒంటికి బాగా పని చెప్పేవారికి గ్లూకోజ్ తాగిన తర్వాతి అంకె తక్కువగా ఉన్నట్టు 2021లో మరో అధ్యయనం చూపింది. అంటే కదలికకు టీబీసీ1డీ4 అనే ఆ కలిసే చోటు కాక వేరే దారులూ ఉన్నాయన్నమాట. నాకు ఈ ఫలితమే అన్నిటికంటే ఇష్టం.

ఎక్కడం ఆపాక కూడా ఒకటి రెండు రోజుల వరకు కండరం ఇన్సులిన్ మాటను మామూలుకంటే బాగా వింటుంది. దానితోనే ఒక చిక్కు. ఒక శనివారం ఉపవాసమని ఏమీ తినకుండా, ఇన్సులిన్‌ను ఎక్కువగా ఊరించే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం వేసుకుని ఎక్కాను. జింకల పార్కు దాటేసరికి షుగర్ మరీ పడిపోయి, చేతులు వణికి, చెమటలు పట్టి, మెట్టు రెండుగా కనబడింది. పక్క దుకాణంలో నిమ్మరసంలో చక్కెర రెండింతలు వేయించుకుని తాగి, పావుగంట కూర్చుంటే గానీ లేవలేకపోయాను. అప్పటి నుంచి గ్లూకోజ్ పొట్లం లేకుండా అలిపిరిలో కొబ్బరికాయ కొట్టను. మీ నాన్నగారు ఇన్సులిన్ గానీ ఆ రకం మాత్రలు గానీ వాడుతుంటే, ఎక్కే రోజు మోతాదు ఎంతో ముందే వైద్యుణ్ణి అడిగి పెట్టుకోండి. చెప్పులు లేకుండా ఎక్కుతారు కాబట్టి, పైకి చేరాక అరికాళ్లు కూడా ఒకసారి చూడండి.